ఆకాశానికి పెద్దపీట: డచ్ ప్రకృతి చిత్రాల కూర్పు, మూడ్ మీద సాగుతున్న వాదం

పదిహేడో శతాబ్దంలో హాలండ్‌లో గీసిన ప్రకృతి దృశ్యాల్లో చాలావాటిలో చెప్పుకోదగ్గ సంఘటన ఏదీ ఉండదు. ఒక నది, గట్టు మీద రెండు పాత ఇళ్లు, ఒడ్డుకు చేరుతున్న బల్లకట్టు, దూరాన చర్చి గోపురం, పైన మబ్బులు. యాన్ వాన్ గోయెన్ ఇలాంటివి వందలకొద్దీ గీశాడు. వాటిలో దేవతలు లేరు, రాజులు లేరు, కథ లేదు. అయినా చూస్తున్నకొద్దీ మనసుకు ఏదో పడుతుంది. ఒకదానిలో నిశ్చింత, ఒకదానిలో దిగులు, మరొకదానిలో వానకు ముందుండే బిగువు. ఆ మూడ్‌ను చిత్రకారుడు ఉద్దేశించి పెట్టాడా? చూసేవాళ్లు తమతో తెచ్చుకుంటున్నారా? లేక మూడున్నర శతాబ్దాల్లో రంగులు మారి, వార్నిష్ ముదిరి వచ్చి చేరిందా?

రెండు వందల ఏళ్లుగా ఈ ప్రశ్నకు జవాబులు వస్తూనే ఉన్నాయి. వాటిలో చాలావరకు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ప్రతీకలు వెతికేవాళ్లు బైబిల్ తెరుస్తారు, ఆర్థిక చరిత్రకారులు పాత ఆస్తి జాబితాలు తెరుస్తారు, రసాయన పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద రంగు రేణువు పెడతారు. ముగ్గురూ ఒకే చిత్రం గురించి మాట్లాడుతున్నట్టు అనిపించదు. ఎవరు ఏం నిరూపించారో, ఏది ఊహగా మిగిలిందో ఒకచోట పేర్చి చూడటం ఇప్పుడు అవసరం. అలా పేర్చినప్పుడు ఒక సంగతి తేలుతుందని ఈ వ్యాసం వాదన. మూడ్‌కు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం చిత్రంలోని వస్తువుల్లో కాక, ఆ వస్తువులను ఎక్కడ, ఎంత మేర పెట్టారన్న కూర్పులో ఉంది. అయితే ఆ సాక్ష్యాన్ని వాడుకోవడానికి ముందు రంగులకు కాలం చేసిన మార్పును లెక్కలోకి తీసుకోక తప్పదు.

క్షితిజరేఖ కిందికి దిగిన కథ

పదహారో శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రకారులు లోకాన్ని కొండ మీద నుంచి చూసినట్టు గీసేవారు. క్షితిజరేఖ చట్రంలో బాగా పైన ఉండేది. దాని కింద కొండలు, నదులు, నగరాలు, ఓడలు కిక్కిరిసేవి. ముందుభాగం గోధుమరంగు, మధ్యభాగం ఆకుపచ్చ, దూరం నీలం అన్నది వాడుకలో స్థిరపడిన పద్ధతి. దీనికి భిన్నంగా, పల్లె వీధిని మనిషి కంటి ఎత్తు నుంచి చూపిన చిన్న ముద్రణచిత్రాలను హియరోనిమస్ కాక్ 1559, 1561లలో ఆంట్వెర్ప్‌లో ప్రచురించాడు. వాటిని ఆమ్‌స్టర్‌డామ్‌లో క్లాస్ యాన్స్ విస్హర్ 1612లో మళ్లీ వేశాడు. హార్లెం చుట్టుపక్కల ఇసుక దిబ్బలు, బట్టను చలువచేసే మైదానాలు, దారి పక్క సత్రాలు చూపే తన సొంత వరసనూ దాదాపు అదే సమయంలో తెచ్చాడు. స్పెయిన్‌తో పన్నెండేళ్ల యుద్ధవిరామం 1609లో మొదలైంది. ఊరు దాటి షికారు వెళ్లే నగరవాసులు ఈ ముద్రణచిత్రాలు కొన్నారు.

తైలవర్ణంలో ఈ మలుపును స్పష్టంగా చూపినవాడు ఏసయాస్ వాన్ డి వెల్డె. రైక్స్‌మ్యూజియంలో ఉన్న 1622 నాటి అతని బల్లకట్టు చిత్రంలో నది అడ్డంగా పారుతుంది, చెట్లు రెండు పక్కలా నిలబడతాయి, చూసేవాడు దాదాపు నీటి అంచున ఉంటాడు. నాలుగేళ్ల తర్వాత పీటర్ డి మొలైన్ ఒక ఇసుక దిబ్బను, దాని పక్కనుంచి వెళ్లే దారిని ఏటవాలుగా గీశాడు. 1626 నాటి ఆ చిత్రం ఇప్పుడు బ్రౌన్‌ష్వైగ్‌లో ఉంది. ఒక మూల నుంచి ఎదుటి మూలకు జారే ఆ ఏటవాలు గీతతో కొత్త కూర్పు పుట్టింది. ముందుభాగాన్నీ దూరాన్నీ కలపడానికి మూడు రంగుల మెట్లు అక్కర్లేకపోయింది. నేల దానంతట అదే కళ్లను లోపలికి తీసుకెళ్లింది.

వాన్ గోయెన్, సాలమన్ వాన్ రాయిస్‌డాల్ ఈ పద్ధతిని 1630లలో చివరికంటా తీసుకెళ్లారు. రంగుల సంఖ్య తగ్గింది. గోధుమ, బూడిద, మందమైన ఆకుపచ్చ మిగిలాయి. క్షితిజరేఖ చిత్రం ఎత్తులో మూడో వంతుకో, ఇంకా కిందికో దిగింది. మిగిలినదంతా ఆకాశమే. శతాబ్దం నడిమికి వచ్చేసరికి సాలమన్ అన్నకొడుకు యాకోబ్ వాన్ రాయిస్‌డాల్ చేతిలో మరో మార్పు వచ్చింది. ఆ పరుచుకున్న నేల మీద ఒక గాలిమర, ఒక ఓక్ చెట్టు, ఒక కోట నిటారుగా లేచి చిత్రాన్నంతా తన చుట్టూ తిప్పుకుంది. వెలుగునీడల తేడా పెరిగింది. జర్మన్ పండితుడు వోల్ఫ్‌గాంగ్ స్టెకో 1966లో రాసిన గ్రంథం ఈ పరిణామానికి ఇప్పటికీ పునాది. దిబ్బలు, నదులు, అడవులు, మంచు, సముద్రతీరం, రాత్రి అని రకాలుగా విడదీసి ఒక్కోదాని పెరుగుదలను అతను చూపాడు. కానీ ఎందుకు అన్న ప్రశ్నను స్టెకో పెద్దగా పట్టించుకోలేదు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ఆ కాలం వాళ్లు ఏమన్నారు

చాలా తక్కువ అన్నారు. కారెల్ వాన్ మాండర్ 1604లో హార్లెంలో అచ్చువేసిన గ్రంథంలో ప్రకృతి దృశ్యానికి ఒక అధ్యాయం ఇచ్చాడు. తెల్లవారకముందే లేచి ఊరి బయటికి వెళ్లి గీసుకోమన్నాడు. ముందుభాగం గట్టిగా ఉండాలనీ, దూరం గాలిలో కలిసిపోవాలనీ సూచించాడు. రాజకార్యదర్శి, కవి కాన్‌స్టంటైన్ హైహెన్స్ 1630 ప్రాంతంలో ఆత్మకథ రాస్తూ ఈ చిత్రకారులను మెచ్చుకున్నాడు. వాళ్ల పటాల్లో ఎండ వేడి, పిల్లగాలి కదలిక తప్ప అన్నీ ఉన్నాయని అతని భావం. ఇద్దరిలో ఎవరూ ప్రతీకల మాట ఎత్తలేదు, మూడ్ మాటా ఎత్తలేదు.

ఒక కథనం మాత్రం చాలా విలువైనది. రెంబ్రాంట్ శిష్యుడు సామ్యూల్ వాన్ హోగ్‌స్ట్రాటెన్ 1678లో తన చిత్రకళా గ్రంథంలో ముగ్గురి మధ్య జరిగిన పోటీని వర్ణించాడు. క్నిబెర్గెన్, వాన్ గోయెన్, పోర్సెలిస్ ఒక్క రోజులో ఒక్కో చిత్రం పూర్తి చేయాలి. క్నిబెర్గెన్ చేతి అలవాటు కొద్దీ చకచకా గీసుకుపోయాడు. వాన్ గోయెన్ పలకంతా రంగు పులిమి, అక్కడక్కడ ముదురూ లేతా వేసి, ఆ మరకల్లోంచే పడవలూ ఇళ్లూ పైకి తీశాడు. పోర్సెలిస్ చాలాసేపు కుంచె ముట్టుకోలేదు. ముందు మనసులో చిత్రం మొత్తం కట్టుకుని, తర్వాత గీశాడు. గెలుపు అతనిదే. పోటీ నిజంగా జరిగిందా అన్నది ముఖ్యం కాదు. ఆనాటి చిత్రకారులు ప్రకృతి దృశ్యాన్ని కంటికి కనిపించింది దించుకోవడంగా భావించలేదని ఈ కథ చెబుతుంది. అలవాటు, యాదృచ్ఛికం, ఆలోచన అనే మూడు దారుల్లో కూర్పు పుట్టవచ్చని వాళ్లకు తెలుసు. వాన్ గోయెన్ చిత్రాల్లో ఆ తడి గాలి ఎక్కడి నుంచి వస్తుందో వివరించే పనితనపు సాక్ష్యం కూడా ఇందులో ఉంది. అతనికి ముందు రంగుఛాయ, తర్వాతే వస్తువు. తర్వాతి వాదాలు చాలావరకు ఈ కథను పక్కన పెట్టి నడిచాయి. అది పెద్ద లోటు.

కవిగా చిత్రకారుడు: గోథే నుంచి రీగ్ల్ దాకా

1816లో గోథే యాకోబ్ వాన్ రాయిస్‌డాల్‌ను కవిగా భావిస్తూ ఒక చిన్న వ్యాసం అచ్చువేశాడు. డ్రెస్డెన్‌లోని మూడు చిత్రాల మీద రాసినదది. వాటిలో ఒకటి యూదుల శ్మశానం. శిథిలమైన సమాధులు, కూలిన గోడలు, ఎండిన చెట్టు, వాగు, ఇంద్రధనుస్సు. గోథే దృష్టిలో రాయిస్‌డాల్ గతించిన కాలాన్ని ధ్యానించే ఆలోచనాపరుడు. మూడ్‌ను చిత్రకారుడి అంతరంగంతో కలిపే పద్ధతి అక్కడ మొదలై ఇప్పటికీ పోలేదు.

ఇంగ్లండ్‌లో చిత్రకారుడు కాన్‌స్టబుల్ రాయిస్‌డాల్ చిత్రాలకు నకళ్లు గీశాడు, 1836లో తన ఉపన్యాసాల్లో మెచ్చుకున్నాడు. విమర్శకుడు రస్కిన్ మాత్రం 1843 నుంచి డచ్ చిత్రకారులను ఈసడించాడు. వాళ్లలో ఆధ్యాత్మిక లోతు లేదన్నది అతని అభియోగం. ఫ్రాన్స్‌లో 1850లలో తోరే, 1876లో ఫ్రోమాంతాఁ ఈ చిత్రాల మీద రాశాక డచ్ చిత్రం అంటే స్వేచ్ఛ పొందిన ప్రజలు తమ నేలను ఉన్నదున్నట్టుగా గీసుకున్న నిజాయితీ అన్న ముద్ర స్థిరపడింది. ఈ ముద్ర చాలా నష్టం చేసింది. ఇటలీ బంగారు ఎండను గీసిన యాన్ బోత్, బెర్హెమ్ లాంటివాళ్లు ఆ కాలంలో ఎంతో గిరాకీ ఉన్నవారు. పంతొమ్మిదో శతాబ్దం వాళ్లను డచ్ కానివాళ్లుగా లెక్కగట్టి మూల పెట్టింది. వాళ్లను తిరిగి వెలుగులోకి తెచ్చినది ఆల్బర్ట్ బ్లాంకర్ట్ 1965లో ఉట్రెక్ట్‌లో నిర్వహించిన ప్రదర్శన. మబ్బు, బూడిదరంగు, దిగులు కలిస్తేనే డచ్ మూడ్ అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వియన్నా పండితుడు అలోయిస్ రీగ్ల్ ఈ వరసలో వేరుగా నిలబడతాడు. 1899లో రాసిన వ్యాసంలో అతను మూడ్‌నే ఆధునిక కళకు అసలు వస్తువు అన్నాడు. దగ్గర నుంచి చూస్తే లోకం ఒకదాన్నొకటి తినే జీవుల గందరగోళం. దూరం నుంచి, కదలకుండా చూస్తే అదే లోకం ఒక క్రమంగా కనిపిస్తుంది. నిశ్చలత, దూరదృష్టి కలిసినచోట మూడ్ పుడుతుందని అతని సిద్ధాంతం. మూడేళ్ల తర్వాత రాయిస్‌డాల్ మీద ప్రత్యేకంగా రాశాడు. రీగ్ల్ తెచ్చిన మెరుగు ఏమిటంటే, మూడ్‌ను చిత్రకారుడి జీవితంలో కాక, చూపరికీ దృశ్యానికీ మధ్య కూర్పు ఏర్పరిచే దూరంలో వెతికాడు. ఆ దారిలో ఇంకా చాలా పని మిగిలి ఉంది.

ప్రతీకల వేట

1967 తర్వాత గాలి మారింది. కళా చరిత్రకారుడు ఎడ్డీ డి యోంగ్ డచ్ చిత్రాలు పైకి వాస్తవంగా కనిపించినా లోపల నీతి దాచుకున్నాయన్నాడు. బొమ్మ, సూక్తి, పద్యం కలిపి అచ్చువేసిన ఆనాటి ఎంబ్లెమ్ పుస్తకాలను తాళపుచెవులుగా వాడాడు. 1976లో రైక్స్‌మ్యూజియం ప్రదర్శనతో ఆ పద్ధతి అంతటా వ్యాపించింది. అతని ప్రధాన క్షేత్రం గృహజీవన చిత్రాలు. ప్రకృతి దృశ్యాలకు దాన్ని విల్‌ఫ్రీడ్ వీగాండ్ 1971లో, రౌప్ 1980లో విస్తరించారు. అన్నిటికన్నా దూరం వెళ్లినవాడు యోసువా బ్రైన్. 1987లో ఆమ్‌స్టర్‌డామ్, బోస్టన్, ఫిలడెల్ఫియాల్లో జరిగిన పెద్ద ప్రదర్శన కేటలాగులో ఈ చిత్రాలను లేఖనాల వెలుగులో చదవాలని వాదించాడు. దారిన పోయే మనిషి జీవనయాత్రికుడు, సత్రం ప్రలోభం, ఎండిన చెట్టు నశ్వరత, దూరపు చర్చి మోక్షనగరం.

యూదుల శ్మశానం విషయంలో ఈ చదువు బాగా నిలబడుతుంది. ఆ సమాధులు నిజమైనవే. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర ఔడర్‌కెర్క్‌లో ఉన్నాయి. రాయిస్‌డాల్ అక్కడ వేసుకున్న రెండు స్కెచ్‌లు హార్లెంలోని టేలర్స్ మ్యూజియంలో ఉన్నాయి. కానీ అక్కడ శిథిల చర్చి లేదు, కొండలు లేవు, వాగు లేదు. డ్రెస్డెన్‌లోనూ డెట్రాయిట్‌లోనూ ఉన్న రెండు పటాల్లో ఇవన్నీ అతను కలిపినవే. ఇంద్రధనుస్సును ఆశకు గుర్తుగా ఆనాటి క్రైస్తవుడు చదివి తీరతాడు. ఇంత కావాలని చేర్చినప్పుడు అర్థం ఉందనడం న్యాయమే.

చిక్కు ఆ ఒక్క చిత్రం నుంచి వెయ్యి చిత్రాలకు వెళ్లేటప్పుడు వస్తుంది. ప్రతి చెట్టులో ఎండుకొమ్మ ఉంటుంది, ప్రతి దారిలో మనిషి ఉంటాడు. చర్చి గోపురం లేని డచ్ క్షితిజరేఖ వెతికినా దొరకదు. ఏ చిత్రానికైనా సరిపోయే వ్యాఖ్య ఏ చిత్రాన్నీ వివరించదు. వాన్ గోయెన్ నదీ దృశ్యం, రాయిస్‌డాల్ అడవి బ్రైన్ చదువులో ఒకే ప్రసంగంగా మారిపోతాయి. వాటి మూడ్‌లు మాత్రం పూర్తిగా వేరు. ప్రతీకల పద్ధతి కూర్పును పట్టించుకోకపోవడం వల్లే ఈ తేడాను వినలేకపోయింది.

వర్ణించే కన్ను, దానికి ఎదురు మాటలు

1983లో కళా చరిత్రకారిణి స్వెత్లానా ఆల్పర్స్ పుస్తకం ఈ వేటకు అడ్డం తిరిగింది. ఇటలీ కళ కథ చెబుతుంది, డచ్ కళ లోకాన్ని వర్ణిస్తుంది. అది భూపటాలు గీసే, కటకాలు అరగదీసే సంస్కృతిలోంచి వచ్చిందని ఆమె వాదన. 1603లో గోల్ట్‌సియస్ హార్లెం దిబ్బల మీద నుంచి గీసిన రేఖాచిత్రం, ఫిలిప్స్ కోనింక్ విశాల దృశ్యాలు, రాయిస్‌డాల్ హార్లెం చిత్రాలు ఈ చూపులో భూపటాలకు చుట్టాలు. చట్రం దృశ్యాన్ని బంధించదు, నేల రెండు పక్కలకూ సాగిపోతుంది. ఆమె వాదం కూర్పును నేరుగా చదివింది. అది దాని బలం.

కానీ భూపటం చూసినవాడికి దిగులు కలగదు. రైక్స్‌మ్యూజియంలో ఉన్న రాయిస్‌డాల్ హార్లెం దృశ్యాన్నే తీసుకుందాం. చిన్న పటం, నిలువు ఆకారం. పైభాగంలో దాదాపు మూడింట రెండు వంతులు మబ్బు తేలే ఆకాశం. కింద చలువ మైదానంలో పరిచిన నారబట్ట తెల్లటి చారలు, మధ్యలో ఎండ పడిన పొలం, అంచున సెయింట్ బావో చర్చి. విశాలమైన నేలను చూపడానికి అడ్డం ఆకారం సహజం. రాయిస్‌డాల్ నిలువును ఎంచుకున్నాడు. దాంతో చూపు పక్కలకు పారక పైకి లేస్తుంది. మబ్బుల నీడ కొంత నేలను కప్పి కొంతను విడిచిపెడుతుంది. ఆ వెలుగు ఇప్పుడే మారిపోతుందని తెలుస్తుంది. ఈ నిర్ణయాలు వర్ణన కోసం చేసినవి కావు, అనుభవం కోసం చేసినవి. బెంట్‌హైమ్ కోట సంగతీ అంతే. అసలు కోట ఉన్నది తక్కువ ఎత్తు గుట్ట మీద. 1653 నాటి డబ్లిన్ పటంలో అది అడవి కప్పిన పెద్ద కొండ ఎక్కింది. రాయిస్‌డాల్ స్కాండినేవియా ఎన్నడూ చూడలేదు. అక్కడికి 1644లో వెళ్లివచ్చిన అల్లార్ట్ వాన్ ఎవర్డింగెన్ చిత్రాల నుంచి జలపాతాలు అందుకుని డజన్లకొద్దీ గీశాడు.

ఈ రెండు కొసల మధ్య దారి వెతికినవాళ్లు 1990ల నుంచి పెరిగారు. తుఫాను, ఓడమునక చిత్రాల మీద పనిచేసిన లారెన్స్ గెడ్డె ఇందులో ముందున్నాడు. వాస్తవంలా కనిపించడం కూడా ఒక సంప్రదాయమేనని, అర్థం దాచిన సంకేతంలో కాక దృశ్యపు వైరుధ్యాల్లో, అంటే వెలుగు–చీకటి, ఆశ్రయం–ప్రమాదంలో ఉందని అతను చూపాడు. వాల్‌ఫర్డ్ 1991లో రాయిస్‌డాల్ మీద, బౌడెవైన్ బాకర్ 2004లో మొత్తం సంప్రదాయం మీద రాస్తూ మతాన్ని మరో ద్వారం నుంచి తెచ్చారు. 1561 నాటి బెల్జిక్ విశ్వాస ప్రకటన సృష్టిని దేవుణ్ణి తెలియజేసే అందమైన పుస్తకంగా చెప్పింది. అలా నమ్మినవాడికి దిబ్బ దిబ్బగానే పవిత్రం. ఎండుకొమ్మను అనువదించే అవసరమే లేదు. ప్రస్తుతం ఎక్కువమంది నిలబడిన చోటు ఇదే. ఇది నమ్మదగినదే గానీ, ఒక లోపం ఉంది. అదే విశ్వాసం ఉన్న ఇద్దరు చిత్రకారులు ఎందుకు వేర్వేరు ఆకాశాలు గీశారో ఇది చెప్పదు.

సంత చెప్పే సంగతులు

డెల్ఫ్ట్ ఆస్తి జాబితాలు చదివిన ఆర్థికవేత్త జాన్ మైకేల్ మాంటియస్ 1982 నుంచి కొత్త లెక్క తెచ్చాడు. శతాబ్దం గడిచేకొద్దీ ఇళ్లలో పురాణ, బైబిల్ చిత్రాల వాటా తగ్గుతూ ప్రకృతి దృశ్యాల వాటా పెరిగింది. కొనేవాళ్లలో వర్తకులే కాక పనివాళ్లు, దుకాణదారులూ ఉన్నారు. 1987లో రాసిన వ్యాసంలో వాన్ గోయెన్ తరహా పలచని రంగులు, తక్కువ వర్ణాలు, వేగమైన చేతిపని ఉత్పత్తి ఖర్చు తగ్గించిన ఆవిష్కరణలన్నాడు. వాన్ గోయెన్ చిత్రాలు ఇప్పటికీ సుమారు 1200 మిగిలాయి. అతనికి డబ్బు తొందరా ఉండేది. ట్యూలిప్ బేరాల్లో నష్టపోయాడు, 1656లో అప్పులతో చనిపోయాడు. 1651లో హేగ్ నగరసభ తమ ఊరి దృశ్యానికి 650 గిల్డర్లు ఇచ్చింది, అయితే అంత ధర అతనికి అరుదు.

పొదుపు వాదం పలచని రంగును వివరిస్తుంది. ఆ పలచదనంలోంచి తేమగాలి ఎలా పుట్టిందో వివరించదు. ఓక్ పలక నారను రంగు కిందినుంచి కనిపించనిచ్చి, దాన్నే నీటి కదలికగానో మబ్బు వెచ్చదనంగానో వాడుకోవడం చౌకదనం వల్ల వచ్చిన నేర్పు కాదు. పైగా హెర్క్యులెస్ సెగెర్స్ ఉన్నాడు. రంగు కాగితం మీద, గుడ్డ మీద ఎచింగ్‌లు వేసి, ఒక్కోదాన్ని వేరే రంగులో తీసి, రాళ్ల లోయల్లో లోకం అంతమైపోయినట్టుండే ఆ విచిత్రమైన మూడ్‌ను పట్టాడు. సంత అతన్ని ఆదరించలేదని హోగ్‌స్ట్రాటెన్ రాశాడు. రెంబ్రాంట్ మాత్రం అతని చిత్రాలు ఎనిమిది కొని దాచుకున్నాడు. 1656 నాటి జాబితాలో అవి ఉన్నాయి. ఎన్ని పటాలు, ఎంత వేగంగా, ఎవరి కోసం అన్నవాటికి సంత జవాబిస్తుంది. మూడ్ విషయంలో దాని మాట ఇంతవరకే చెల్లుతుంది.

చిత్రంలో లేనివి

1994లో కళా చరిత్రకారిణి ఆన్ జెన్‌సెన్ ఆడమ్స్ మరో ప్రశ్న లేవనెత్తింది. అది సముద్రాన్ని తోడి నేల చేసుకున్న కాలం. బీమ్‌స్టర్ సరస్సు 1612లో ఎండి పొలమైంది. గీత గీసినట్టుండే కాలువలు, చదరపు పొలాలు దేశపు గర్వం. వాటిని ఈ చిత్రకారులు దాదాపు ముట్టుకోలేదు. పాత దిబ్బలు, వంకర దారులు, కూలబోయే పూరిళ్లు గీశారు. ఆడమ్స్ దీన్ని కొత్త సమాజం తన మూలాలను పాత నేలలో వెతుక్కోవడంగా చదివింది. నగరవాసి కోరుకున్న విశ్రాంతిగా చూసేవాళ్లూ ఉన్నారు. రెండిటిలో ఏదైనా, కూర్పులోంచి తీసేసినది కూడా మూడ్‌ను తయారు చేస్తుందన్న మాట గట్టిది.

ఇదే ప్రశ్న ఇప్పుడు సముద్రం దాటింది. హార్లెం చిత్రకారుడు ఫ్రాన్స్ పోస్ట్ 1637 నుంచి 1644 దాకా డచ్ వాళ్ల ఆధీనంలోని బ్రెజిల్‌లో ఉన్నాడు. తక్కువ ఎత్తు క్షితిజరేఖ, ముందుభాగంలో ముదురు పొదలు, దూరాన మెత్తని కాంతి అన్న హార్లెం కూర్పునే చెరకు మిల్లులకూ, అక్కడ పనిచేసే బానిసలకూ వాడాడు. పటం ప్రశాంతంగా ఉంటుంది. ఆ ప్రశాంతత కూర్పు ఇచ్చిందే గానీ ఆ చోటు ఇచ్చింది కాదు. మచిలీపట్నంలో 1600ల మొదట్లోనే కొఠీ పెట్టి కోరమాండల్ నూలుబట్ట ఎగుమతి చేసిన డచ్ తూర్పు ఇండియా కంపెనీ లాభాలు కూడా చిత్రాలు కొన్న ఇళ్లకు చేరాయి. ఈ సంబంధాలను తడిమే పని ఇప్పుడిప్పుడే ఊపందుకుంటోంది.

రంగు మారితే మూడ్ ఎవరిది?

అన్ని వాదాల కన్నా ఎక్కువ కలవరపెట్టే సాక్ష్యం ప్రయోగశాలల నుంచి వచ్చింది. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉన్న రెంబ్రాంట్ గాలిమర ఇందుకు ముఖ్యమైన ఉదాహరణ. పంతొమ్మిదో శతాబ్దం దాన్ని విషాద గంభీరతకు పరాకాష్ఠగా ఆరాధించింది. 1911లో లాన్స్‌డౌన్ ప్రభువు నుంచి అమెరికన్ సేకర్త వైడెనర్ లక్ష పౌండ్లకు కొన్నాడు. 1977–79లో ముదిరిన వార్నిష్ పొరలు తీశాక ఆకాశంలో నీలం బయటపడింది, వెలుగు చల్లబడింది. పటం గొప్పతనం పోలేదు. కానీ తరాలు కరిగిపోయిన ఆ బంగారు దిగులులో ఎంతో భాగం వార్నిష్‌దే.

వార్నిష్ తీయవచ్చు. రంగును వెనక్కి తేలేం. ఆ కాలంలో ఆకాశానికి చౌకగా దొరికే నీలం స్మాల్ట్, అంటే కోబాల్ట్ కలిపిన గాజుపొడి. నూనెలో ఏళ్లు గడిచేకొద్దీ అది బూడిదరంగుకు తిరుగుతుంది. ఆకుపచ్చ కోసం నీలంలో కలిపిన మొక్కల పసుపురంగు వెలిసిపోయి ఆకులు నీలంగా మిగులుతాయి. పలచని పొరలు కాలంతో ఇంకా పారదర్శకమై కింది గోధుమ పలకను పైకి తెస్తాయి. అంటే మనం ఏకవర్ణపు తాత్త్వికతగా కీర్తించే కొన్ని బూడిద ఆకాశాలు మొదట నీలంగా ఉండి ఉండవచ్చు. మెలనీ గిఫర్డ్ వంటివారు పొరపొరగా చేసిన పరిశీలన వాన్ గోయెన్ నిజంగానే తక్కువ రంగులతో పనిచేశాడని చూపింది. కాబట్టి మొత్తం భ్రమ కాదు. ఏ పటానికి ఆ పటం చూడాల్సిందే.

ఇలాంటి పరిశీలన కూర్పు గురించి కూడా చెబుతుంది. లండన్‌లోని హొబ్బెమా మిడెల్‌హార్నిస్ చెట్లబాటను, 1689 నాటి ఆ ప్రసిద్ధ చిత్రాన్ని, ఎక్స్‌రే తీస్తే ముందుభాగంలో రెండు పక్కలా మొదట ఒక్కో చెట్టు ఉండేదని, వాటిని చిత్రకారుడే తర్వాత కప్పేశాడని తెలిసింది. అవి ఉంటే దృశ్యం ద్వారబంధంలోంచి చూసినట్టుండేది. తీసేయడంతో ఆకాశం విచ్చుకుంది, సన్నని చెట్లు ఒంటరిగా నిలిచాయి. చిత్రకారుడు మూడ్ కోసం తీసుకున్న నిర్ణయానికి ఇంతకన్నా నేరుగా సాక్ష్యం దొరకడం కష్టం.

వాతావరణ శాస్త్రజ్ఞుల మాట ఒకటి మిగిలింది. హాన్స్ న్యూబెర్గర్ 1970లో 41 మ్యూజియాల్లోని పన్నెండు వేలకు పైగా చిత్రాలను లెక్కించి, చలి ఎక్కువైన శతాబ్దాల్లో మబ్బులూ చీకటీ పెరిగాయన్నాడు. చిత్రకారుడు అవెర్‌క్యాంప్ గీసిన మంచు ఆటలకు 1607–08 నాటి భీకరమైన చలికాలం ప్రేరణ అయి ఉండవచ్చు. కానీ అదే చలి శతాబ్దంలో బతికిన మరో చిత్రకారుడు కైప్ తన ఆవులను సాయంత్రపు ఎండలో నిలబెట్టాడు. జాన్ వాల్ష్ 1991లో చూపినట్టు డచ్ ఆకాశంలో తేలే మబ్బుల్లో కొన్ని రకాలే పటాల్లోకి వచ్చాయి. ఎంపిక ఉన్నచోట వాతావరణం ముడిసరుకు మాత్రమే.

పక్కపక్కన పెట్టి చూస్తే

గోథే వర్గం మూడ్‌ను గుర్తించింది, దాన్ని చిత్రకారుడి అంతరంగానికి కట్టేసి పరీక్షకు అందకుండా చేసింది. ప్రతీకవాదులు యూదుల శ్మశానం లాంటి కొద్ది చిత్రాలకు సరైన జవాబిచ్చారు, దాన్ని అన్నిటికీ పులమబోయి దెబ్బతిన్నారు. ఆల్పర్స్ కూర్పును చూసింది, భావాన్ని వదిలేసింది. గెడ్డె, బాకర్ రెండిటినీ కలిపారు, ఒక చిత్రకారుణ్ణి మరొకరి నుంచి విడదీసే పని మిగిల్చారు. మాంటియస్ సంఖ్యను, వేగాన్ని వివరించాడు. ఆడమ్స్ లేనివాటిని చూడమంది. ప్రయోగశాల అందరి కాళ్ల కింద నేలను కదిపింది.

తేలనివి రెండు పెద్ద ప్రశ్నలు. మామూలు డెల్ఫ్ట్ దుకాణదారుడు గోడ మీది దిబ్బల చిత్రం చూసి ఏమనుకున్నాడో చెప్పే రాతలు చాలా అరుదు. హైహెన్స్ చదువుకున్న మేధావి, అతన్ని అందరికీ ప్రతినిధిగా నిలపలేం. రెండోది, రాయిస్‌డాల్ దిగులు ఎంత అతనిది, ఎంత గోథే తర్వాతి పాఠకులది అన్నది. అతని జీవితం గురించి నిలకడైన ఆధారాలు కొద్దే. అందువల్ల చిత్రాల్లోంచి జీవితాన్నీ, ఆ జీవితంలోంచి మళ్లీ చిత్రాలనూ వివరించే వలయంలో పడటం తేలిక.

ఈ పరిస్థితిలో పరిశోధన వరస మారాలి. ముందు పటం రంగుల స్థితి, తర్వాత కూర్పులో జరిగిన మార్పులు, ఆ తర్వాతే అర్థం. ఇన్నాళ్లూ ఇది తిరగబడి నడిచింది. వివాదంలో ఉన్న చిత్రాల్లో చాలావాటికి పొరల పరిశీలన ఇంకా జరగలేదు. జరిగినవాటి ఫలితాలు కూడా పునరుద్ధరణ నివేదికల్లోనే ఉండిపోయి కళా చరిత్ర పుస్తకాల్లోకి రావడం లేదు. తెలుగు పాఠకులకు హేగ్, ఆమ్‌స్టర్‌డామ్ దూరమే అయినా రైక్స్‌మ్యూజియం తన చిత్రాలను పెద్ద సైజులో ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉంచింది. వాన్ గోయెన్ నదినీ, రాయిస్‌డాల్ గాలిమరనూ పక్కపక్కన తెరిచి, ఏ పుస్తకమూ చదవకముందే, రెండిటిలో క్షితిజరేఖ ఎంత ఎత్తులో ఉందో, వెలుగు ఏ వైపు నుంచి వస్తోందో, కన్ను మొదట ఎక్కడ ఆగుతోందో చూడండి. పండితుల వాదాల్లో ఏది నిలుస్తుందో ఆ తర్వాత మీరే తేల్చుకోగలరు.